ఏడు రోజుల్లో ఎన్ని కేజీల మామిడి?

జాతీయ వ్యయ సూచికను చదవడం

మే నెల మధ్యాహ్నం. నూజివీడు దగ్గర ఒక ఊళ్లో ఓ ఇంటి అరుగు మీద సర్వే ఉద్యోగి కూర్చున్నాడని ఊహించుకుందాం. చేతిలో ట్యాబ్, అందులో పొడవాటి ప్రశ్నల పట్టిక. పళ్ల వరస దగ్గరికి వచ్చాక అడుగుతాడు: "అమ్మా, పోయిన ఏడు రోజుల్లో మీ ఇంట్లో మామిడిపళ్లు ఎన్ని కేజీలు తిన్నారు?"

"రసాల కాలంలో కేజీలు లెక్కేసుకుని ఎవరు తింటారు బాబూ? గడ్డిలో మాగేస్తాం, పండినవి పండినట్టు తింటాం."

అతను వదలడు. రోజుకు మనిషికి ఎన్ని? ఇంట్లో ఎంతమంది? కేజీకి సుమారు ఎన్ని తూగుతాయి? అవి మీ తోటలోవా, కొన్నవా, ఎవరైనా పంపినవా? ఆవిడ వేళ్ల మీద లెక్క కట్టి చెబుతుంది. అంకె ట్యాబ్‌లోకి వెళ్తుంది.

2022 ఆగస్టు నుంచి 2023 జులై దాకా ఇలాంటి ప్రశ్నలకు దేశంలో 2,61,746 కుటుంబాలు జవాబిచ్చాయి. బియ్యం, పాలు, నూనె, చెప్పులు, బస్సు టికెట్టు, ఆసుపత్రి బిల్లు, ఫోన్ రీఛార్జి, అన్నీ కలిపి 405 అంశాలు. కేంద్ర గణాంక శాఖ చేసే ఈ గృహ వినియోగ వ్యయ సర్వే నుంచే పల్లెల్లో మనిషి నెలకు సగటున 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు ఖర్చు చేస్తున్నాడన్న మాట పత్రికల్లోకి వచ్చింది. ధరల సూచికకు పునాది ఇదే. పేదరికం మీద జరిగే వాదనలకు ఆధారమూ ఇదే. దేశం మొత్తం వ్యయాన్ని కట్టే జాతీయ లెక్కలకు ఇది దగ్గర చుట్టం.

మనిషి ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవడానికి అతని ఖర్చు కంటే నమ్మకమైన సాక్షి దొరకడం కష్టం. కానీ ఆ సాక్షిని ఎలా ప్రశ్నించాలో తెలిసి ఉండాలి. అది నేర్చుకోవడానికి మామిడి తోటల మధ్య కన్నా మంచి బడి లేదు.

సంపాదన ఎందుకు అడగరు?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో తోట ఉన్న ఇంటి ఆదాయం ఎలా వస్తుందో చూడండి. డిసెంబరు, జనవరిలో పూత. తేనెమంచు పురుగు, బూడిద తెగులు రాకుండా మందుల పిచికారీ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత. కొందరు కాయ దింపి విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు తోలతారు. కొందరు పూత మీదే తోటను గుత్తకిచ్చేస్తారు. ఎలా చేసినా ఏడాది ఆదాయమంతా కొద్ది వారాల్లో చేతికొస్తుంది. మామిడికి మరో గుణం ఉంది. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు సగం కొమ్మల్లో పూతే వేయకపోవచ్చు.

ఈ ఇంటిని జూన్‌లో "పోయిన నెల ఎంత సంపాదించారు?" అని అడిగితే పెద్ద అంకె వస్తుంది. నవంబరులో అడిగితే సున్నా. జనవరిలో అడిగితే మందులకు పెట్టుబడి పోగా సున్నా కన్నా కిందికి. జూన్‌లో ఆ ఇల్లు సంపన్నమై, జనవరిలో బికారి అయిందా? లేదు. రెండు నెలల్లోనూ పొయ్యి మీద అదే గిన్నె, పిల్లలకు అదే బడి. మామిడి డబ్బును ఆ ఇల్లు ఏడాది పొడవునా పరుచుకుంటుంది. బంగారం, చీటీపాట, బ్యాంకు పంట రుణం, కమీషన్ కొట్టులో ముందుగా తీసుకునే సొమ్ము, ఇవన్నీ ఆదాయంలోని ఎగుడుదిగుళ్లను చదును చేసే పనిముట్లే.

అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో దీన్ని సిద్ధాంతంగా చెప్పాడు. మనుషులు ఈ నెల వచ్చిన డబ్బును బట్టి కాకుండా, దీర్ఘకాలంలో తమకు సగటున ఎంత వస్తుందో అంచనా వేసుకుని, దాన్ని బట్టి ఖర్చు చేస్తారని ఆయన వాదన. అందువల్ల ఒక ఇంటి నిజమైన స్తోమతను ఆదాయం కన్నా ఖర్చే స్థిరంగా చూపిస్తుంది. పైగా రైతుకు, చిన్న వ్యాపారికి ఆదాయం తేల్చి చెప్పడం నిజంగానే కష్టం. ఏది పెట్టుబడో, ఏది మిగులో విడదీయాలి. వారం క్రితం కొన్న నూనె మాత్రం ఎవరికైనా గుర్తుంటుంది. వినియోగం, పేదరికం, సంక్షేమం మీద చేసిన కృషికి 2015లో నోబెల్ బహుమతి అందుకున్న ఆంగస్ డీటన్ భారతీయ ఇళ్ల ఖర్చుల లెక్కలతో ఏళ్ల తరబడి పనిచేశాడు.

అదే తోటలో చిక్కం కట్టిన గెడతో కాయ దింపే కూలీని చూడండి. ఆయన దగ్గర దాచుకున్న బంగారం లేదు, బ్యాంకు రుణం లేదు. పని ఉన్న నెల తింటాడు, లేని నెల తగ్గించుకుంటాడు. ఆయన ఖర్చు ఆదాయంతో పాటే ఊగుతుంది. ఆ ఊగిసలాట పెద్ద సమాచారం. ఖర్చు నిలకడగా ఉందంటే ఆ ఇంటికి ఆసరా ఉందని అర్థం. నెలనెలకూ పడిలేస్తోందంటే ఆ ఇల్లు అంచున నడుస్తోందని అర్థం.

జ్ఞాపకానికి గడువు

సర్వే ప్రశ్నల్లో 'ఏడు రోజులు' అన్న మాట యాదృచ్ఛికం కాదు. పళ్లు, కూరగాయలు, నూనె, గుడ్లు, చేపలు, మాంసం లాంటివి తరచుగా, కొంచెం కొంచెంగా కొంటాం. నెల తర్వాత అడిగితే మరిచిపోతాం. అందుకని వాటికి ఏడు రోజుల గడువు. బియ్యం, పప్పు, గ్యాసు లాంటివాటికి 30 రోజులు. బట్టలు, చెప్పులు, బడి ఫీజులు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్జు, మోటారు సైకిలు లాంటివి అరుదుగా వచ్చే పెద్ద ఖర్చులు కాబట్టి వాటికి 365 రోజులు.

గడువు మారితే దేశం బొమ్మే మారుతుంది. 1999-2000 సర్వేలో ఆహారానికి ఏడు రోజుల ప్రశ్న, 30 రోజుల ప్రశ్న పక్కపక్కనే పెట్టి ఒకే ఇంటిని అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని లాగింది. ఫలితంగా ఆ దశాబ్దంలో పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న విషయం మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ప్రశ్నాపత్రంలో ఒక గడి మారితే కోట్లమంది పేదరికపు గీతకు ఇటో అటో అవుతారు.

సర్వే ఏడాది పొడవునా సాగడానికీ కారణం ఇదే. మే నెలలో మాత్రమే అడిగితే నూజివీడు వాళ్లు మామిడిపళ్లు తప్ప వేరే పళ్లు తినరనిపిస్తుంది. నవంబరులో మాత్రమే అడిగితే మామిడి రుచే తెలియనివాళ్లనిపిస్తుంది. ఆవకాయ సంగతి చూడండి. కాయలు, కారం, ఆవపిండి, పప్పునూనె ఒక్కసారిగా మే నెలలో ఇంటికి వస్తాయి. జాడీ ఏడాదంతా ఆదుకుంటుంది. అందుకే ఇళ్లను పన్నెండు నెలల మీద పరిచి, కొన్ని ఇళ్లను ప్రతి కాలంలోనూ చూస్తారు. అప్పుడు మే నెల ఇల్లు, నవంబరు ఇల్లు కలిసి ఒక ఏడాదిని చెబుతాయి.

"మీ తోటలోవా, కొన్నవా?" అన్న ప్రశ్నకూ బరువుంది. కొన్నవాటికి ఇచ్చిన ధర రాస్తారు. సొంత తోటలో కోసి తిన్నవాటికి తోట దగ్గర పలికే ధర కడతారు. చుట్టాలు పంపిన బుట్టకు ఊళ్లో అమ్ముడయ్యే చిల్లర ధర కడతారు. పైసా చేతులు మారకపోయినా తిన్నది తిన్నదే. అది లెక్కలోకి రాకపోతే, పాడి, పెరడు, తోట ఉన్న పల్లెటూరి ఇల్లు అసలు కన్నా పేదదిగా కనిపిస్తుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినవాటికి కూడా విలువ కట్టి చూసినప్పుడు 2022-23 పల్లె సగటు 3,773 నుంచి 3,860కి, పట్టణ సగటు 6,459 నుంచి 6,521కి పెరిగింది.

మెతుకు, పైపొర

కోట్ల ఇళ్లున్న దేశంలో రెండున్నర లక్షల ఇళ్లను అడిగితే సరిపోతుందా? అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. ఆ మాటలోని గణితం సరైనదే. గిన్నె పెద్దదైనా చిన్నదైనా నాలుగు మెతుకులు చూస్తే చాలు. అంచనా ఎంత నికరమో తేల్చేది ప్రధానంగా నమూనా పరిమాణం. దేశం ఎంత పెద్దదన్నది పెద్దగా లెక్కలోకి రాదు.

కానీ మెతుకు సామెత వెనక ఒక షరతు దాగి ఉంది. అన్నం అంతా ఒకే సెగ మీద ఉడికి ఉండాలి. మామిడి బుట్ట అలాంటిది కాదు. పైపొరలో మేలిరకం కాయలు పేర్చి ఉండొచ్చు, అడుగున మచ్చ కాయలు ఉండొచ్చు. తెలిసిన కొనుగోలుదారు పైకాయ చూసి ధర చెప్పడు, అడుగు నుంచి కూడా చేయి పెట్టి తీస్తాడు. మన సమాజం అన్నం గిన్నె కన్నా మామిడి బుట్టకే దగ్గర. అందుకని 2022-23 సర్వేలో పల్లెల్లో భూమి ఎంత ఉందన్నదాన్ని బట్టి, పట్టణాల్లో కారు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఇళ్లను వేర్వేరు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు నుంచి కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచుకున్నారు. ఏ పొరా తప్పిపోకుండా ఉండాలన్నదే ఆలోచన.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, 1950లో, గణాంకశాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో, ఈ వ్యయ సర్వేకు మూలమైన జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆయన కలకత్తాలో నడిపిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటికే ఒక తెలుగు యువకుడు పనిచేస్తున్నాడు. పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన బడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. ఈ తోటల ఊరి బడిలో కూర్చున్న పిల్లవాడు 1945లో ప్రచురించిన వ్యాసంలో ప్రపంచ గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పే ఫలితాన్ని నిరూపించాడు. ఒక నమూనా నుంచి పిండుకోగల నిజానికి ఒక హద్దు ఉంటుంది. పక్షపాతం లేని అంచనా సూత్రం ఎంత తెలివైనదైనా, దానిలోని చంచలత్వాన్ని ఆ హద్దు కన్నా కిందికి దించలేం. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామెర్ కూడా విడిగా ఇదే చోటికి చేరడంతో దీన్ని క్రామెర్-రావు హద్దు అంటారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న రావు గారు అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ హద్దు మనకు నేర్పే వినయం విలువైనది. సర్వే చెప్పిన 3,773 రాతి మీద చెక్కిన అంకె కాదు, చుట్టూ కొంత అటూ ఇటూ ఉన్న అంచనా. పది రూపాయల తేడాను పట్టుకుని ఒక రాష్ట్రం మరో రాష్ట్రాన్ని దాటేసిందని చెప్పడం ఆ అంకె మోయలేని బరువును దాని నెత్తిన పెట్టడమే.

రూపాయలు పెరిగాయా, పళ్లు పెరిగాయా?

ఇప్పుడు అసలు సూచిక దగ్గరికి వద్దాం. సూచిక అంటే పోలిక. ఒక ఏడాదిని ఆధార సంవత్సరంగా తీసుకుని, దాన్ని 100 అనుకుని, మిగిలిన ఏళ్లను దానితో కొలుస్తాం. వినడానికి తేలికే. చిక్కు ఎక్కడుందో ఒక ఊహా కుటుంబంతో చూద్దాం.

నిరుడు ఈ ఇల్లు కేజీ 50 రూపాయల చొప్పున 40 కేజీల మామిడిపళ్లు, కేజీ 40 చొప్పున 100 కేజీల బియ్యం కొన్నది. ఖర్చు 2,000, 4,000, మొత్తం 6,000 రూపాయలు. ఈ ఏడు పూత రాలిపోయి పళ్ల ధర 75కి పెరిగింది. బియ్యం 44 అయింది. ఇల్లు పళ్లు 24 కేజీలకు తగ్గించుకుంది, బియ్యం మాత్రం అన్నే కొన్నది. ఖర్చు 1,800, 4,400, మొత్తం 6,200.

వ్యయ సూచిక ఎంత? 6,200ను 6,000తో భాగించి నూరుతో గుణిస్తే 103.3. ఈ ఇంటి ఖర్చు మూడు శాతం పెరిగిందని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. పిల్లలనడిగితే మాత్రం పళ్లు తగ్గాయంటారు. రెండు మాటలూ నిజమే. రూపాయల్లో పెరిగింది, పళ్లెంలో తగ్గింది.

ఈ రెంటినీ విడదీయడానికి ధరల సూచిక కావాలి. దాన్ని రెండు రకాలుగా కట్టొచ్చు. నిరుటి బుట్టనే ఈ ఏటి ధరలకు కొంటే 40 కేజీల పళ్లకు 3,000, బియ్యానికి 4,400, మొత్తం 7,400. అంటే ధరలు 123.3కి చేరినట్టు. ఇది 1871లో జర్మన్ ఆర్థికవేత్త ఎతియెన్ లాస్పేరెస్ చెప్పిన పద్ధతి. ఈ ఏటి బుట్టను నిరుటి ధరలకు కొని ఉంటే 1,200, 4,000, మొత్తం 5,200 అయ్యేది. 6,200ను 5,200తో పోలిస్తే ధరల సూచిక 119.2. ఇది 1874లో హెర్మాన్ పాషే ప్రతిపాదించిన పద్ధతి. మొదటిది పాత అలవాట్లను పట్టుకుంటుంది, ధర పెరిగిన సరుకును జనం తగ్గించుకుంటారన్న సంగతి దానికి కనబడదు. రెండోది కొత్త అలవాట్లను పట్టుకుంటుంది. ఆ సర్దుబాటు ఎవరి మనసునూ కష్టపెట్టలేదన్నట్టు లెక్కిస్తుంది.

వ్యయ సూచిక 103.3ను ధరల సూచిక 119.2తో భాగించండి. 86.7 వస్తుంది. ధరల పెరుగుదలను తీసేస్తే ఈ ఇంటి వినియోగం 13 శాతం పైగా పడిపోయింది. ఒకే ఇల్లు, ఒకే ఏడాది. ఒక అంకె 'పెరిగింది' అంటుంది, మరొకటి 'తగ్గింది' అంటుంది.

దేశం లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. పల్లెల్లో తలసరి నెల ఖర్చు 2011-12లో 1,430 రూపాయలు, 2022-23లో 3,773. రూపాయల్లో చూస్తే 100 నుంచి దాదాపు 264కు ఎదిగింది. ధరల పెరుగుదల తీసేసి 2011-12 ధరల్లో చూస్తే 3,773 అన్నది 2,008తో సమానం. అంటే సూచిక 140. పట్టణాల్లో 2,630 నుంచి 6,459కి పెరిగినది పాత ధరల్లో 3,510, అంటే సుమారు 133. రెండున్నర రెట్లు అన్న మాటకూ, పదకొండేళ్లలో పెరిగింది మూడో వంతు నుంచి సగం లోపు అన్న మాటకూ మధ్య ఎంత దూరముందో చూడండి. సర్వే చేసే తీరు కూడా ఈ మధ్యలో కొంత మారింది కాబట్టి ఈ పోలికను కాస్త పట్టువిడుపుతోనే చదవాలి.

ఆ పదకొండేళ్ల ఎడానికీ ఒక కథ ఉంది. 2017-18లో జరిగిన సర్వే ఫలితాలను, నాణ్యత మీద అనుమానాలున్నాయంటూ ప్రభుత్వం విడుదల చేయలేదు. దాంతో 2012 ఆధార సంవత్సరంగా ఉన్న వినియోగదారుల ధరల సూచిక 2011-12 నాటి బుట్టనే మోస్తూ వచ్చింది. ఆ బుట్టలో ఆహార పానీయాల బరువు 45.86 శాతం. ఈలోగా ఫోను డేటా, ఆన్‌లైన్ కొనుగోళ్లు, బయటి తిండి ఇళ్లలోకి వచ్చేశాయి. బుట్ట పాతబడితే దానితో తూచిన ధరల పెరుగుదల కూడా మన ఇంటి అనుభవానికి దూరమవుతుంది. అందుకే సర్వేలు సమయానికి జరగాలి, జరిగాక బయటికి రావాలి.

దేశమంతా ఒకే చిట్టాలో

ఇంతవరకూ ఇళ్ల ఖర్చు చూశాం. జాతీయ వ్యయం దానికన్నా పెద్ద చిట్టా. అందులో మూడు పద్దులు. ఇళ్ల వినియోగం, ప్రభుత్వ వినియోగం, పెట్టుబడి. భారతదేశంలో స్థూల దేశీయోత్పత్తితో పోలిస్తే ఇళ్ల వాటా సుమారు 60 శాతం, ప్రభుత్వానిది 10 శాతం దరిదాపు, పెట్టుబడిది 30 శాతం పైచిలుకు.

ఏ రూపాయి ఏ పద్దులోకి వెళ్తుందో తోటలోనే చూడొచ్చు. పిల్లల కోసం కొన్న డజను పళ్లు ఇంటి వినియోగం. ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడి జీతం ప్రభుత్వ వినియోగం. తోటకు వేసిన బిందు సేద్యం పైపులు పెట్టుబడి. కొత్తగా నాటిన మామిడి మొక్కలు కూడా పెట్టుబడే. ఏళ్ల తరబడి కాపునిచ్చే చెట్టు జాతీయ లెక్కల దృష్టిలో యంత్రం లాంటి ఆస్తి. మరి పూత మీద కొట్టిన మందు? అది ఏ పద్దులోకీ నేరుగా రాదు. పండు ధరలో ఆ మందు ధర ఇప్పటికే కలిసి ఉంది. మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

జాతీయ వ్యయానికీ, దేశీయోత్పత్తికీ తేడా ఎగుమతి దిగుమతుల దగ్గర వస్తుంది. సముద్రం దాటి వెళ్లిన బంగినపల్లి పెట్టె మన ఉత్పత్తి, కానీ మన వ్యయం కాదు. దాన్ని తిన్నవాళ్లు వేరే దేశంలో ఉన్నారు. వంటింట్లో పామాయిల్ ప్యాకెట్టు సంగతి తిరగబడుతుంది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఆ మేరకు అది మన వ్యయం, మన ఉత్పత్తి కాదు. నూజివీడు ఉన్న ఏలూరు జిల్లాలోనే, పెదవేగిలో, ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయ సంస్థ ఉంది. మామిడి తోటలో నిలబడి చూస్తే అర్థశాస్త్ర సమీకరణం రెండు వైపులూ ఒకే జిల్లాలో కనిపిస్తాయి. దేశం తాను పండించిన దానికన్నా ఎక్కువ వాడుకుంటే వ్యయం ఉత్పత్తిని దాటుతుంది. ఆ ఎడాన్ని విదేశీ సొమ్ముతో పూడ్చుకోవాలి.

ఒకరి ఖర్చు మరొకరి ఆదాయమన్నది ఈ చిట్టా చెప్పే మరో సత్యం. మామిడి డబ్బు చేతికొచ్చిన జూన్‌లో బట్టల కొట్టు కళకళలాడుతుంది. కొట్టులో పనిచేసే కుర్రాడి జీతం అద్దె ఇంటి యజమానికి, అక్కడి నుంచి మరొకరికి చేరుతుంది. అందరూ ఒకేసారి చేయి బిగబడితే ఏమవుతుందో 2020లో చూశాం. లాక్‌డౌన్ పడిన ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో, మొదటి అంచనాల ప్రకారం, ఇళ్ల వినియోగం అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 26.7 శాతం పడిపోయింది, దేశీయోత్పత్తి 23.9 శాతం పడింది. ప్రభుత్వ వినియోగం మాత్రం 16.4 శాతం పెరిగింది. ఇళ్లు వెనక్కి తగ్గిన చోట ప్రభుత్వం కొంత ముందుకొచ్చింది, కానీ అరవై వంతుల లోటును పది వంతులు పూడ్చలేవు. ఆ మూడు నెలలే మామిడి కోత కాలమని ఇక్కడివాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ఇంకో మాట. సర్వేలో ఇళ్లు చెప్పిన ఖర్చుల మొత్తానికీ, జాతీయ లెక్కల్లో కనిపించే ఇళ్ల వినియోగానికీ పొంతన కుదరదు. రెండోది బాగా పెద్దది. దశాబ్దాలుగా ఆ ఎడం పెరిగింది. సొంత ఇంట్లో ఉంటున్నవారికి అద్దె కట్టి చూడటం లాంటి పద్ధతుల తేడాలు కొంత కారణం. బాగా కలిగిన ఇళ్ల తలుపులు సర్వే ఉద్యోగికి తేలిగ్గా తెరుచుకోకపోవడం మరో కారణం.

పళ్లెం వాటా

మొత్తం ఖర్చు ఎంతన్న దానికన్నా, అది దేని మీద అన్నది ఒక్కోసారి ఎక్కువ చెబుతుంది. బెల్జియం కార్మిక కుటుంబాల చిట్టాలను పరిశీలించి, జర్మనీలోని శాక్సనీ గణాంకాధికారి ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో ఒక సూత్రం చెప్పాడు. ఇల్లు ఎంత పేదదైతే దాని ఖర్చులో తిండి వాటా అంత ఎక్కువ. కడుపు నిండాక రూపాయి వేరే దారులు వెతుక్కుంటుంది.

మన పల్లెల్లో 1999-2000లో నూరు రూపాయల ఖర్చులో 59.40 తిండికే పోయేవి. 2011-12 నాటికి అది 52.90. 2022-23లో 46.38కి తగ్గింది. ఈ సర్వేల చరిత్రలో పల్లె పళ్లెం వాటా సగానికి దిగువకు రావడం అదే మొదటిసారి. పట్టణాల్లో ఇదే కాలంలో 48.06 నుంచి 39.17కి వచ్చింది. బియ్యం, గోధుమల లాంటి ధాన్యాల వాటా పల్లెల్లో 5 శాతం లోపుకు చేరింది. పాలు, పళ్లు, గుడ్లు, తయారు చేసిన తినుబండారాలు ఆ చోటును పంచుకున్నాయి.

ఎంగెల్ సూత్రం ప్రకారం ఇది శుభవార్త. అయితే మన రాష్ట్రంలో దీన్ని చదివేటప్పుడు ఒక సంగతి మనసులో ఉంచుకోవాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచీ ఇక్కడి ధాన్యం ఖర్చు బజారు ధరను బట్టి మాత్రమే లేదు. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డులకు ధాన్యం ఉచితం. ధాన్యం మీద ఖర్చు తగ్గిందంటే తినడం మారిందని ఒక అర్థం, ఆ ఖర్చును ప్రభుత్వం మోస్తోందని మరో అర్థం. రెండూ మేలైన మార్పులే కావచ్చు, కానీ ఒకటి కావు.

తిండియేతర ఖర్చు పెరగడం కూడా ప్రతిసారీ సంతోషం కాదు. కూతురి ఇంజనీరింగ్ ఫీజు, తండ్రి గుండె ఆపరేషన్ బిల్లు రెండూ ఖర్చుల పట్టికలో పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఇంటిని ముందుకు తీసుకెళ్తుంది. రెండోది తోటను తాకట్టు పెట్టిస్తుంది. సూచికకు రెండూ రూపాయలే.

సగటు వెనక మనుషులు

2022-23 సర్వేలో ఆంధ్రప్రదేశ్ పల్లెల తలసరి నెల ఖర్చు 4,870 రూపాయలు, పట్టణాలది 6,782. తెలంగాణలో 4,802, 8,158. రెండు రాష్ట్రాల పల్లెలూ దేశ సగటుకు చాలా పైన ఉన్నాయి. గర్వించదగ్గ విషయమే. ఇప్పుడు దేశం పల్లెల్లోనే అడుగునా పైనా ఉన్నవారిని చూడండి. అట్టడుగు 5 శాతం మంది సగటు ఖర్చు నెలకు 1,373 రూపాయలు. పై 5 శాతం మందిది 10,501. పట్టణాల్లో 2,001, 20,824. సగటు అన్నది ఈ ఇద్దరి మధ్య ఎక్కడో నిలబడిన, నిజంగా ఎవరూ కాని మనిషి.

కాబట్టి ఖర్చు పెరిగిందన్న వార్త కనబడినప్పుడు దాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. ధరలు తీసేశాక ఎంత పెరిగింది? ఏ ఏడాది బుట్టతో తూచారు? మొత్తమా, మనిషికా? తిండి మీదా, మందుల మీదా? ఉచితంగా వచ్చినవాటిని కలిపారా? అన్నిటికన్నా ముఖ్యంగా, అడుగున ఉన్నవారి అంకె ఎటు కదిలింది? ఈ ప్రశ్నలు అడగడానికి పట్టా అక్కర్లేదు. నున్న మార్కెట్టులో బుట్ట అడుగున చేయి పెట్టి చూసే మనిషికి ఈ ఒడుపు ముందే తెలుసు.

ఆ మే నెల అరుగు దగ్గరికి తిరిగి వెళ్దాం. ఇంటావిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన మామిడి కేజీలు ఆ ఇంటి ఒక్కదానివే కావు. ఎంపికైన ప్రతి ఇల్లూ సర్వేకు రాని ఎన్నో ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. అదే వారంలో తోట అంచున ఉన్న కూలీ ఇంటికి కూడా ఆ ప్రశ్న వెళ్లాలి. "తోటలో కింద రాలిన నాలుగు కాయలు" అని వాళ్లు చెబితే ఆ నాలుగూ అంతే శ్రద్ధగా ట్యాబ్‌లోకి ఎక్కాలి. రెండు ఇళ్ల జవాబులూ ఒకే కాటా మీద తూగిన రోజున, దేశం ఎంత ఖర్చు చేస్తోందన్న అంకెలో దేశం ఎలా బతుకుతోందో కూడా కనిపిస్తుంది.